దూరపు గనులు, దగ్గరి కొలుములు: ప్రపంచ కొనుగోళ్లపై ఆధారపడిన రాయ్‌పూర్ ఉక్కు

2024 మార్చిలో ఆస్ట్రేలియా ఉత్తర తీరాన్ని మేగాన్ తుపాను తాకింది. గ్రూట్ ఐలాండ్ ద్వీపంలో మాంగనీస్ ఖనిజాన్ని ఓడల్లోకి ఎక్కించే రేవు ఆ తుపానులో తీవ్రంగా దెబ్బతిన్నది. మేలి రకం మాంగనీస్ ఖనిజాన్ని ప్రపంచానికి అందించే పెద్ద గనుల్లో అక్కడి గని ఒకటి. ఏడాదికి పైగా అక్కడినుంచి మామూలు ఎగుమతులు సాగలేదు. ఎగుమతులు మళ్లీ మొదలయ్యేసరికి 2025 మే నెల వచ్చింది. ఈలోగా మేలి రకం ఖనిజం ధర కొద్ది నెలల్లోనే దాదాపు రెట్టింపయింది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని మోవా వాసులకు ఆ తుపానుతో సంబంధం ఏమిటన్న ప్రశ్న సహజం. మోవా సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నగర ప్రాంతం. అయితే దానికి ఉత్తర, వాయవ్య దిక్కుల్లో, ఎంతో దూరం కాకుండానే, సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడలు ఉన్నాయి. స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఉక్కు కరిగించే విద్యుత్ కొలుములు, కడ్డీలు సాగదీసే రోలింగ్ మిల్లులు, ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారాలు అక్కడ వరుసగా కనిపిస్తాయి. సిలికో మాంగనీస్ ధరలను దేశమంతటా చెప్పుకొనే కేంద్రాల్లో రాయ్‌పూర్, విశాఖపట్నం, దుర్గాపూర్ ముఖ్యమైనవి. ఇంటి స్లాబులో వేసే ఇనుప కడ్డీకి బలాన్నిచ్చేది ఆ సిలికో మాంగనీసే. దానిని ఒక టన్ను తయారు చేయడానికి దాదాపు రెండు టన్నుల మాంగనీస్ ఖనిజం, సుమారు 4,000 యూనిట్ల విద్యుత్తు అవసరమవుతాయి. దేశీయ ఖనిజం చాలదు కనుక దక్షిణాఫ్రికా, గాబన్, ఆస్ట్రేలియాల నుంచి తెప్పించుకోక తప్పదు. అందుకే గ్రూట్ ఐలాండ్ రేవు కూలినప్పుడు ఆ భారం రాయ్‌పూర్ కొలుముల లెక్కల్లోకి చేరింది.

ముడిసరుకును, విడిభాగాలను, సేవలను ప్రపంచంలో ఎక్కడ లాభదాయకంగా దొరికితే అక్కడి నుంచి కొనడాన్ని వాణిజ్య పరిభాషలో గ్లోబల్ సోర్సింగ్ అంటున్నారు. పెద్ద సంస్థలకు ఇది మూడు, నాలుగు దశాబ్దాలుగా ప్రధాన వ్యూహం. చౌక ధర, మేలైన నాణ్యత, స్థానికంగా లభించని సరుకు అనే మూడు కారణాలు దాని వెనుక ఉంటాయి. రాయ్‌పూర్ పరిశ్రమ విషయంలో మూడో కారణం ప్రధానం. కాబట్టి విదేశాల నుంచి కొనాలా, వద్దా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. ఎలా కొనాలి, ఆ కొనుగోలులోని ప్రమాదాన్ని ఎవరు భరించాలి అన్నవే పరిశీలించవలసిన అంశాలు.

ఒకప్పుడు సరుకు బయలుదేరిన దారి

ఈ ప్రాంతానికి ప్రపంచ మార్కెట్‌తో సంబంధం కొత్తది కాదు. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని మాంగనీస్ ఖనిజానికి దగ్గరి రేవు కావాలన్న అవసరం విశాఖపట్నం ఓడరేవు నిర్మాణానికి ముఖ్య కారణాల్లో ఒకటి. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే రైలు మార్గం 1930ల ఆరంభంలో పూర్తయింది. విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. ఆనాడు మాంగనీస్ లోతట్టు ప్రాంతాల నుంచి సముద్రం వైపు వెళ్లేది. ఈనాడు విదేశీ మాంగనీస్, విదేశీ బొగ్గు తూర్పు తీరపు రేవుల్లో దిగి లోతట్టుకు ప్రయాణిస్తున్నాయి. సరుకు నడిచే దిశ తొమ్మిది దశాబ్దాల్లో తిరగబడింది.

రెండో ఉదాహరణ బస్తర్‌లోని బైలదిల్లా. యుద్ధానంతరం వేగంగా పెరుగుతున్న జపాన్ ఉక్కు పరిశ్రమకు సొంత ఇనుప ఖనిజం లేదు. 1960లో భారత్‌తో కుదిరిన ఒప్పందం ద్వారా అది బైలదిల్లా ఖనిజంపై దృష్టి సారించింది. ఆ కొనుగోలు హామీ ఆధారంగానే తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస – కిరండూల్ రైలు మార్గాన్ని నిర్మించారు. దాదాపు 445 కిలోమీటర్ల ఆ మార్గం అరకు లోయ మీదుగా సాగుతుంది. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో బైలదిల్లాలో ఉత్పత్తి ప్రారంభించింది. భారీ ఖనిజ నౌకల కోసం విశాఖలో 1976లో ఔటర్ హార్బర్ అందుబాటులోకి వచ్చింది.

జపాన్ అనుసరించిన పద్ధతి ఇక్కడ గమనించదగినది. అది ఆ నెలలో ఎవరు చౌకగా ఇస్తే వారి దగ్గర కొని ఊరుకోలేదు. దీర్ఘకాలిక ఒప్పందాలు చేసుకొంది. భారత్‌తో పాటు ఆస్ట్రేలియా, బ్రెజిల్ గనులనూ ఆధారం చేసుకొంది. గని నుంచి రేవు దాకా మార్గం ఏర్పడేలా చూసుకొంది. సొంత ఖనిజం లేని దేశం ప్రపంచంలోని అగ్రశ్రేణి ఉక్కు ఉత్పత్తిదారుల్లో ఒకటిగా నిలవడానికి ఈ ముందుచూపు ఎంతగానో తోడ్పడింది. అమ్మిన ప్రాంతానికి దక్కినదాని మాట వేరు. బైలదిల్లా ఖనిజం దశాబ్దాల పాటు ముడిగానే తరలిపోయింది. బస్తర్‌లోనే ఉక్కు తయారు చేసే నగర్‌నార్ కర్మాగారం 30 లక్షల టన్నుల సామర్థ్యంతో జాతికి అంకితమైంది 2023 అక్టోబర్‌లోనే.

బొగ్గు చెప్పే కథ

సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజం దానికి చేరువలోనే ఉంది. విశాఖ ఉక్కు పరిస్థితి అందుకు భిన్నం. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టులో ప్రధాని పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితమైన ఆ కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. ప్రధానంగా బైలదిల్లా ఖనిజాన్నే కొనుక్కోవాలి. అయితే రెండు కర్మాగారాలకూ ఉమ్మడి లోటు ఒకటి ఉంది. అది కోకింగ్ బొగ్గు.

భారత బొగ్గులో బూడిద శాతం ఎక్కువ. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కావలసిన కోక్ తయారీకి అది ఒక్కటే సరిపోదు. అందువల్ల దేశం ఏటా 5 కోట్ల టన్నులకు పైగా కోకింగ్ బొగ్గును దిగుమతి చేసుకొంటోంది. అందులో అత్యధిక వాటా చాలాకాలం ఒక్క ఆస్ట్రేలియాదే. ఒకే దేశం మీద, ఆ దేశంలోనూ ప్రధానంగా క్వీన్స్‌లాండ్ అనే ఒకే రాష్ట్రం మీద ఆధారపడటం వల్ల వచ్చే చిక్కు అనేకసార్లు అనుభవంలోకి వచ్చింది. 2010 చివర, 2011 ఆరంభంలో అక్కడి వరదలకు ధరలు ఎగబాకాయి. 2017లో డెబ్బీ తుపాను రైలు మార్గాలను దెబ్బతీయడంతో మళ్లీ అదే జరిగింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత 2022 మార్చిలో టన్ను ధర 600 డాలర్లు దాటింది. 2025 ఆరంభంలో అదే బొగ్గు 200 డాలర్లకు లోపే దొరికింది. మూడేళ్లలో మూడు రెట్ల తేడా ఉన్న సరుకును నమ్ముకొని ఏ కర్మాగారమైనా లెక్క వేసుకోవడం కష్టమే.

ఈ చిక్కు నుంచి బయటపడే ప్రయత్నాలు జరగలేదని కాదు. ప్రభుత్వ రంగ సంస్థలు కలిసి 2009లో ఇంటర్నేషనల్ కోల్ వెంచర్స్‌ను ఏర్పాటు చేశాయి. భిలాయి మాతృసంస్థ సెయిల్, విశాఖ ఉక్కు సంస్థ, జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అందులో భాగస్వాములు. ఆ సంస్థ 2014లో మొజాంబిక్‌లోని బెంగా గనిని రియో టింటో నుంచి 5 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ గని ఉన్న సంస్థను సొంతం చేసుకోవడానికి రియో టింటో 2011లో దాదాపు 400 కోట్ల డాలర్లు వెచ్చించింది. బేరం చౌకగానే కుదిరినా, ఆపై బొగ్గు ధరలు పడిపోయి గనిలో ఉత్పత్తిని కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. విదేశంలో గని కొనడం ఒక్కటే భద్రత కాదని, అక్కడి రైలు, రేవు, ధరల చక్రం కూడా కలిసి రావాలని ఆ అనుభవం తెలియజేస్తోంది. 2021 అక్టోబర్‌లో కోకింగ్ బొగ్గుపై రష్యాతో అవగాహన ఒప్పందం కుదిరింది. ఆస్ట్రేలియా వాటా గత కొన్నేళ్లలో తగ్గింది. రష్యా వాటా పెరిగింది. ఒక ఆధారం స్థానంలో మరిన్ని ఆధారాలు వచ్చినా, యుద్ధం, ఆంక్షలు అనే కొత్త ప్రమాదాలు వాటి వెంట వచ్చాయి.

ధర వేరు, ఖర్చు వేరు

పెద్ద కర్మాగారాలది ఒక సమస్య అయితే, సిల్తరా, ఉర్లా వంటి చోట్ల ఉన్న మధ్యతరహా, చిన్న యూనిట్లది మరొక సమస్య. ప్రపంచంలో స్పాంజ్ ఐరన్‌ను అత్యధికంగా తయారు చేసే దేశం భారత్. ఏటా 5 కోట్ల టన్నులకు పైగా ఉత్పత్తి అవుతోంది. అందులో ఎక్కువ భాగం బొగ్గు వాడే బట్టీలలోనే తయారవుతుంది. కోర్బా తదితర క్షేత్రాల బొగ్గు దగ్గరలోనే ఉన్నా, నాణ్యత కోసం అనేక యూనిట్లు దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే నుంచి వచ్చే బొగ్గును కలిపి వాడతాయి.

ఒక ఉదాహరణతో ఈ లెక్కను చూడవచ్చు. రోజుకు 100 టన్నుల స్పాంజ్ ఐరన్ తయారు చేసే బట్టీకి, పూర్తిగా దిగుమతి బొగ్గే వాడితే, రోజుకు సుమారు 100 టన్నుల బొగ్గు అవసరమనుకొందాం. పానమాక్స్ తరగతి ఓడ ఒకటి 75,000 టన్నుల దాకా మోస్తుంది. అంటే ఒక ఓడ బొగ్గు ఆ బట్టీకి రెండేళ్లు వస్తుంది. రైలులో దానిని రాయ్‌పూర్‌కు తేవాలంటే దాదాపు 20 రేకులు కావాలి. ఇంత సరుకును ఒకేసారి కొనే శక్తి, నిల్వ చేసే స్థలం చిన్న యూనిట్‌కు ఉండవు. కాబట్టి వ్యాపార సంస్థలు ఓడను తెప్పిస్తాయి. చిన్న యూనిట్లు రేవు దగ్గర వారి నుంచి కొద్ది కొద్దిగా కొంటాయి. చిన్న యూనిట్ చేసేది నిజానికి ప్రపంచ కొనుగోలు కాదు. ప్రపంచ ధరల ఒడుదొడుకులన్నీ దానికి వస్తాయి గాని, బేరమాడే శక్తి మాత్రం రాదు.

గని దగ్గర చెప్పే ధరకూ, బట్టీ నోటి దగ్గర అయ్యే ఖర్చుకూ మధ్య ఉన్న దూరాన్ని కూడా గుర్తించాలి. ఓడ కిరాయి, బీమా, రేవు రుసుములు, ఓడ నిరీక్షించవలసి వస్తే డెమరేజ్, రైలు కిరాయి, దారిలో తరుగు, తేమ వల్ల తగ్గే బరువు, బ్యాంకు వడ్డీ అన్నీ కలిస్తేనే అసలు ఖర్చు తెలుస్తుంది. డాలరు మారకపు విలువ వీటన్నింటి మీద ప్రభావం చూపుతుంది. 2022 ఆరంభంలో డాలరు 75 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2025 డిసెంబర్‌లో 90 రూపాయలు దాటింది. 10 లక్షల డాలర్ల సరుకుకు అప్పట్లో ఏడున్నర కోట్ల రూపాయలు సరిపోయేవి. ఇప్పుడు 9 కోట్లు కావాలి. గని యజమాని ఒక్క సెంటు పెంచకపోయినా, కొనుగోలుదారుపై కోటిన్నర అదనపు భారం పడింది.

పన్నుల మార్పులు కూడా ఈ లెక్కను మారుస్తాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బొగ్గుపై జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. అదే సమయంలో టన్నుకు 400 రూపాయల పరిహార సెస్ రద్దయింది. పైకి పన్ను పెరిగినట్లు కనిపించినా, జీఎస్టీని ఉక్కు అమ్మకంపై చెల్లించవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఉక్కుపై సెస్ లేదు కనుక పాత సెస్‌కు ఆ వీలు ఉండేది కాదు. పైగా చౌకైన దేశీయ బొగ్గు మీదా, ఖరీదైన విదేశీ బొగ్గు మీదా ఒకే 400 రూపాయలు పడటం వల్ల దామాషాలో దేశీయ బొగ్గుకే భారం ఎక్కువగా ఉండేది. ఇప్పుడు ఆ అసమానత తొలగింది. అయితే దిగుమతి సరుకుపై 18 శాతం పన్ను ముందుగానే కట్టవలసి రావడం చేతిలో నగదు తక్కువగా ఉన్న యూనిట్లకు ఇబ్బందికరమే.

కొనేవారిని కొనేవారు

రాయ్‌పూర్ ఒక్క కొనుగోలుదారు మాత్రమే కాదు. దేశంలోని ఫెర్రో ఎల్లాయిస్‌కు ఐరోపా ముఖ్యమైన విపణి. అంటే ఐరోపా ఉక్కు సంస్థల ప్రపంచ కొనుగోళ్లలో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంధ్ర కొలుములు కూడా ఒక మజిలీ. 2025 నవంబర్‌లో ఐరోపా సంఘం మాంగనీస్, సిలికాన్ ఆధారిత ఫెర్రో ఎల్లాయిస్ దిగుమతులపై మూడేళ్ల రక్షణ చర్యలు ప్రకటించింది. దేశాలవారీ కోటాలు విధించింది. ఉక్కు దిగుమతులపై కర్బన సర్దుబాటు విధానం 2026 జనవరి 1 నుంచి పూర్తి స్థాయిలో అమలులోకి వచ్చింది. బొగ్గుతో నడిచే బట్టీలకు ఈ విధానం మరింత భారం కాగలదు. మరోవైపు, ముడి మాంగనీస్ ఎగుమతిని 2029 నుంచి నిషేధిస్తామని గాబన్ ప్రకటించింది. బైలదిల్లా ఖనిజం ముడిగా తరలిపోయిన చరిత్ర తెలిసినవారికి గాబన్ ఆలోచన అర్థమవుతుంది. కానీ ఆ నిర్ణయం అమలైతే రాయ్‌పూర్, విజయనగరం జిల్లాల కొలుములు మరో ఆధారాన్ని వెదుక్కోవాలి.

భారత్ కూడా ఇటువంటి చర్యలు తీసుకొంటూనే ఉంది. తక్కువ బూడిద గల మెట్ కోక్ దిగుమతులపై 2025 జనవరి నుంచి దేశాలవారీ పరిమితులు విధించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేసింది. కోక్ తయారీదారుకు రక్షణగా ఉన్న నిర్ణయం కోక్ కొనేవారికి భారం. ఉక్కు తయారీదారుకు ఊరటనిచ్చిన సుంకం ఉక్కుతో యంత్రాలు చేసే చిన్న కార్ఖానాకు ఖర్చు. ప్రతి రక్షణకూ మరొకరు మూల్యం చెల్లిస్తున్నారన్న సంగతి విధాన నిర్ణేతలు మరువరాదు.

భారం చివరకు ఎవరిపై

ముడిసరుకు ధర పెరిగినప్పుడు పెద్ద సంస్థకు నిల్వలు, బ్యాంకు రుణం, దీర్ఘకాలిక ఒప్పందాలు అండగా ఉంటాయి. చిన్న యూనిట్‌కు అటువంటి అండ లేదు. దానికున్న తేలికైన మార్గం కొలిమి ఆపడం. విద్యుత్ ఛార్జీల పెంపునకు నిరసనగా 2024 జూలైలో ఛత్తీస్‌గఢ్‌లోని మినీ ఉక్కు కర్మాగారాలు మూతపడిన సంగతి తెలిసిందే. ఖనిజం ప్రపంచ ధరకు, విద్యుత్తు స్థానిక ధరకు కొనే పరిశ్రమకు ఆ రెండింటిలో ఏది పెరిగినా ఊపిరి ఆడదు. కొలిమి ఆగిన రోజున ముందుగా పని పోయేది గుత్తేదారు కింద రోజు కూలికి పనిచేసేవారికే. లారీ డ్రైవర్లు, హమాలీలు, కర్మాగారం గేటు ముందు టీ దుకాణం పెట్టుకొన్నవారు ఆ తరువాతి వరుస. ఉక్కు, రైల్వే కొలువుల కోసం భిలాయి, రాయ్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ పరిశ్రమల క్షేమం పరాయి విషయం కాదు. కొనుగోలు విభాగం తీసుకొనే నిర్ణయంలో వీరికి పాత్ర లేదు. దాని ఫలితంలో మాత్రం వాటా ఉంది.

విశాఖ ఉక్కు అనుభవం ఇదే సత్యాన్ని పెద్ద స్థాయిలో చూపుతుంది. ఇనుప ఖనిజం, కోకింగ్ బొగ్గు రెండింటినీ మార్కెట్ ధరకు కొనవలసిన ఆ సంస్థ నష్టాల్లో కూరుకుపోయింది. 2021 జనవరిలో పూర్తి పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. నష్టాలకు ఇతర కారణాలూ ఉన్నప్పటికీ, ముడిసరుకు భద్రత లేకపోవడం వాటిలో ప్రధానమన్నది కార్మిక సంఘాలు తొలినుంచీ చెబుతున్న మాట.

చేయదగినవి

కొనుగోళ్ల నిర్వహణపై పీటర్ క్రాల్జిక్ 1983లో రూపొందించిన పద్ధతి నేటికీ వాణిజ్య విద్యాలయాల్లో బోధిస్తున్నారు. ప్రతి సరుకునూ రెండు ప్రశ్నలతో పరీక్షించాలన్నది దాని సారాంశం. ఆ సరుకు లాభంపై ఎంత ప్రభావం చూపుతుంది? అది దొరకకుండా పోయే ప్రమాదం ఎంత? రెండూ ఎక్కువగా ఉన్న సరుకును ధర ఒక్కటే చూసి కొనకూడదు. రాయ్‌పూర్‌కు మాంగనీస్, భిలాయి, విశాఖలకు కోకింగ్ బొగ్గు సరిగ్గా ఆ కోవలోకి వస్తాయి. చేతి తొడుగులు, కార్యాలయ సామగ్రి వంటివి చౌకగా ఎక్కడ దొరికితే అక్కడ కొనవచ్చు. కొలిమిని బతికించే సరుకు విషయంలో మాత్రం కొంత ఎక్కువ చెల్లించి అయినా రెండు, మూడు దేశాల నుంచి సరఫరా ఉండేలా చూసుకోవడమే వివేకం.

చిన్న యూనిట్లు విడివిడిగా ఈ పని చేయలేవు. వాటి సంఘాలు ఉమ్మడిగా ఓడను తెప్పించుకోగలిగితే రేవు దగ్గరి వ్యాపారిపై ఆధారపడటం కొంత తగ్గుతుంది. నమ్మకం, బ్యాంకు హామీ, నాణ్యతపై ఏకాభిప్రాయం కుదరనిదే ఇది సాధ్యం కాదు. రాష్ట్ర ప్రభుత్వం పూనుకొంటే అసాధ్యమూ కాదు. దేశీయ వనరుల పెంపు రెండో మార్గం. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే మోయిల్ సంస్థ 2024-25లో సుమారు 18 లక్షల టన్నుల మాంగనీస్ ఖనిజం తీసింది. దాని బాలాఘాట్, భండారా గనులు రాయ్‌పూర్‌కు దూరమేమీ కాదు. దేశీయ కోకింగ్ బొగ్గు ఉత్పత్తిని 2030 నాటికి 14 కోట్ల టన్నులకు చేర్చాలన్నది కేంద్రం లక్ష్యం. అయితే ఆ బొగ్గును కడిగి బూడిద తగ్గించే వాషరీలు కూడా అదే వేగంతో పెరగాలి. లేకుంటే ఉత్పత్తి అంకెలు పెరిగినా ఉక్కు కర్మాగారానికి ప్రయోజనం దక్కదు.

రవాణా మూడో అంశం. అభన్‌పూర్ నుంచి సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరుసల రాయ్‌పూర్ – విశాఖపట్నం ఆర్థిక కారిడార్ నిర్మాణం సాగుతోంది. పూర్తయితే రెండు నగరాల మధ్య దూరం 130 కిలోమీటర్ల మేర తగ్గుతుంది. బరువైన ఖనిజానికి రైలే ప్రధాన ఆధారమైనా, తయారైన ఉక్కు, ఫెర్రో ఎల్లాయిస్ రేవుకు త్వరగా చేరడానికి ఈ రహదారి తోడ్పడుతుంది. రోజులు తగ్గితే నిల్వలపై వడ్డీ తగ్గుతుంది. దూరదేశపు ధరను నియంత్రించలేని ప్రాంతం తన చేతిలో ఉన్న ఈ ఖర్చులనైనా తగ్గించుకోవాలి.

ప్రపంచ కొనుగోళ్లకు తలుపులు మూసుకోవడం రాయ్‌పూర్‌కు గానీ, విశాఖకు గానీ సాధ్యమయ్యే పని కాదు. తగినంత కోకింగ్ బొగ్గు లేని దేశం ఉక్కు తయారు చేయాలంటే బయట కొనవలసిందే. అయితే కొనుగోలు విభాగం విజయాన్ని టన్నుకు ఎన్ని డాలర్లు మిగిలాయన్న ఒక్క అంకెతో కొలిచే అలవాటు మారాలి. ఏ ఒక్క రేవు మూతపడినా ఎన్ని రోజులు కొలిమి ఆగకుండా నడుస్తుందన్న అంకెను కూడా దాని పక్కనే రాసుకోవాలి. సిల్తరా బట్టీలో రోజు కూలికి పనిచేసే కార్మికుని ఇంటి లెక్క ఆ రెండో అంకె మీదనే ఆధారపడి ఉంది.